గుండె తలుపులకు పట్టే జ్వరం

సంస్కృతంలో కవాటమంటే తలుపు రెక్క. గుండెలోని వాల్వుకు ఈ మాటను ఎంచిపెట్టిన పాఠ్యపుస్తక రచయితలెవరో గాని, వారికి రెండు చేతులూ ఎత్తి నమస్కరించాలనిపిస్తుంది. తెలుగులో శాస్త్ర పరిభాష అనగానే నోరు తిరగని సమాసాలను ఉదహరించి నవ్వడం మనలో చాలామందికి అలవాటు. ఈ ఒక్క మాట మాత్రం ఏ వ్యాఖ్యానమూ అక్కరలేకుండా వస్తువును కళ్ళకు కట్టిస్తుంది. గుండెకు నాలుగు గదులు, నాలుగు తలుపులు. ప్రతి తలుపూ ఒక వైపుకే తెరుచుకుంటుంది. రక్తం ముందుకు సాగిపోగానే మూసుకుని దాన్ని వెనక్కు రానివ్వదు. వైద్యుడు చెవులకు గొట్టం తగిలించుకుని వినేది ఈ తలుపులు మూసుకునే చప్పుడే. రోజుకు ఇంచుమించు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటూ, డెబ్భై ఎనభై ఏళ్ళపాటు బందులు ఊడకుండా నిలిచే తలుపును ఏ వడ్రంగీ చేయలేడు.

బృహదారణ్యకోపనిషత్తులో హృదయ శబ్దాన్ని మూడక్షరాలుగా విడదీసి, తెచ్చుట, ఇచ్చుట, పోవుట అనే మూడు అర్థాలు చెప్పిన చోటు ఒకటి ఉంది. ఉపనిషత్తు ఉద్దేశం రక్తప్రసరణ కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా గుండె చేసే పనికి అంతకంటే పొందికైన నిర్వచనం నేను చూడలేదు.

ఈ తలుపులకు ఒక జ్వరం పడుతుంది. దాన్ని గురించి వ్రాయడానికి నేను వైద్యుణ్ణి కాను. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి. అయితే ఆ జ్వరం మా ఇంటి గడప కూడా తొక్కింది. ఆ తరువాతనే దాని గురించి చదివాను, ఓపిక ఉన్న వైద్యులను అడిగి తెలుసుకున్నాను. ఇది మగవారి దగ్గర ఒక రకంగానూ ఆడవారి దగ్గర మరొక రకంగానూ ప్రవర్తిస్తుందనీ, ఆ తేడాలో కొంత శరీరధర్మమైతే కొంత మన ఇళ్ళ ధర్మమనీ తెలిసివచ్చింది. ఆ రెండో భాగం కోసమే ఈ టపా.

జబ్బు పేరు ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. మన పద్ధతిలో అంతర్హృదయశోథ అనుకోవచ్చు. గుండె లోపలి గోడలకూ తలుపు రెక్కలకూ ఒక పలుచని నున్నని పొర ఉంటుంది. ఆ పొర ఎక్కడైనా గరుకెక్కితే, అక్కడ రక్తం చిన్న గడ్డలా పేరుకుంటుంది. మన నోటిలోనో చర్మం మీదనో పేగుల్లోనో కాపురముండే సూక్ష్మజీవులు ఎప్పుడో ఒకప్పుడు రక్తంలోకి జొరబడుతూనే ఉంటాయి. ఆరోగ్యవంతుల్లో అవి నిమిషాల్లో నశిస్తాయి. గరుకెక్కిన తలుపు దొరికినప్పుడు మాత్రం అక్కడ పట్టుకుని, గడ్డలో దాక్కుని, పెరుగుతాయి. ఆ పెరుగుదలను వైద్యులు వెజిటేషన్ అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు గుండెలో కూరపాదు ఏమిటా అని తెల్లబోయాను. మొలక అంటే సరిపోతుందేమో. తలుపు రెక్క మీద మొలకెత్తి, రెక్క తెరుచుకున్నప్పుడల్లా రక్తప్రవాహంలో ఊగులాడుతూ ఉంటుంది. అందులోంచి ఒక తునక ఊడి మెదడుకు పోతే పక్షవాతం, మూత్రపిండానికి పోతే అక్కడ దెబ్బ. మొలకలోకి రక్తనాళాలు పోవు గనుక మందు లోపలికి దిగడం కష్టం. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు సూది ద్వారా మందు ఎక్కించాలి. తలుపే చిరిగిపోతే శస్త్రచికిత్స.

పెన్సిలిన్ రాకమునుపు ఈ జబ్బు వచ్చినవారు బ్రతికేవారు కారు. ఆస్ట్రియా సంగీతకర్త గుస్తావ్ మాలర్ కథ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆయన గుండెలో ఒక కవాటం చెడిందని 1907లోనే వైద్యులు చెప్పారు. 1911 ఫిబ్రవరిలో న్యూయార్కులో గొంతునొప్పి, జ్వరంతోనే చివరి కచేరీ నిర్వహించాడు. లిబ్‌మన్ అనే వైద్యుడు అనుమానించి రక్తం తీయించి పెంచితే స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులు బయటపడ్డాయి. రోగం తెలిసింది, మందు లేదు. ఓడలో ఐరోపాకు తీసుకుపోయారు. మే 18న వియన్నాలో యాభయ్యో ఏట మరణించాడు. 1940లలో పెన్సిలిన్ వచ్చాకనే ఈ జబ్బు నుంచి మనుషులు బయటపడడం మొదలయింది. ఇన్ని మందులూ యంత్రాలూ వచ్చిన ఈనాటికి కూడా ఆసుపత్రిలో చేరినవారిలో ఇంచుమించు అయిదుగురికి ఒకరు పోతూనే ఉన్నారు.

ఇక ఆడ, మగ తేడా. ఈ జబ్బు మగవారికే ఎక్కువ. చాలా దేశాల లెక్కల్లో ఒక స్త్రీకి ఇద్దరు పురుషులు అన్న నిష్పత్తి కనిపిస్తుంది. 2016, 2018 మధ్య 40 దేశాలలోని 156 ఆసుపత్రులు కలిసి ఐరోపా హృద్రోగ వైద్యుల సంఘం ఆధ్వర్యంలో 3,116 మంది రోగుల వివరాలు నమోదు చేశాయి. వారిలో నూటికి 69 మంది పురుషులు. పురుషులలో ఎక్కువగా బృహద్ధమని మొదట్లో ఉండే తలుపుకు పడుతుంది. దీనికి ఒక పుట్టు కారణం ఉంది. ఆ తలుపుకు మూడు రెక్కలుండాలి. నూటికి ఒకరిద్దరు రెండే రెక్కలతో పుడతారు. అలా పుట్టేవారిలో మగవారు ఆడవారికి రెండు మూడు రెట్లు. రెండు రెక్కల తలుపు సరిగా పొదగదు గనుక వయసు వచ్చేసరికి గరుకెక్కి, గట్టిపడి, సూక్ష్మజీవులకు పీట వేస్తుంది. స్త్రీలలో ఋతుకాలపు హార్మోన్లు రక్తనాళాల లోపొరను కాపాడతాయని ఒక ఊహ ఉంది, అది ఊహగానే ఉంది.

స్త్రీలలో ఎక్కువగా పట్టుబడేది ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్యనున్న తలుపు. మన పుస్తకాల్లో ద్విపత్ర కవాటమన్నారు, వైద్యులు మైట్రల్ అంటారు. (దీనికి రెండు రెక్కలుండడం సహజమే, ఇందాకటి రెండు రెక్కల తలుపుతో కలిపి గందరగోళపడకూడదు.) మన దేశంలో ఈ తలుపును పాడుచేసే పాత శత్రువు రుమాటిక్ జ్వరం. బీదరికం, ఇరుకిళ్ళు ఉన్నచోట పిల్లలకు గొంతునొప్పిగా మొదలై, మోకాళ్ళూ మడమలూ వాచి, ఒక కీలు నుంచి మరొక కీలుకు మారి, కొన్నాళ్ళకు అన్నీ తగ్గిపోతాయి. తల్లిదండ్రులు హమ్మయ్య అనుకుంటారు. అప్పటికే అది గుండె తలుపును ముట్టి పోయి ఉంటుంది. రెక్కల అంచులు అతుక్కుని తలుపు సందు సన్నబడే జబ్బు ఆడవారిలో మగవారికంటే స్పష్టంగా ఎక్కువ. గర్భవతికి ఆయాసం వస్తే కడుపు బరువు అంటాము. నలభై దాటినామెకు ఆయాసం వస్తే ఒళ్ళు వచ్చిందంటాము. తలుపు ఇరుకయిందని ఎవరికీ తోచదు.

మా చెల్లెలికి ఈ జ్వరం 1974లో పదకొండో ఏట వచ్చింది. బడికి పోలేక రెండు నెలలు మంచంలో ఉంది. గుంటూరులో చూపిస్తే గుండెలో చప్పుడు తేడాగా ఉందని చెప్పి, ఇరవై ఒక్క రోజులకొకసారి పెనిడ్యూరు సూది వేయించమన్నారు. ఆ సూది నొప్పి ఎరిగినవారికి తెలుస్తుంది. మందు గట్టిగా ఉండి సూదిలో అడ్డుపడేది. వేయించుకున్న పిల్ల రెండు రోజులు కుంటుతూ నడిచేది. మా నాన్నగారు పంచాంగం పక్కన ఆ తేదీలు వ్రాసుకుని, తొమ్మిదేళ్ళు ఒక్కటీ తప్పకుండా వేయించారు. 1983లో పెళ్ళయింది. అత్తవారింటికి వెళ్ళిన పిల్ల మూడు వారాలకొకసారి సూదికని బయలుదేరితే ఏమనుకుంటారన్న జంకుతో ఆమే మానేసింది. ఇంకా కొన్నేళ్ళు వేయించుకోవలసినదేనని చాలాకాలం తరువాత ఒక వైద్యురాలు చెప్పారు. సూది మానడం వల్లనే ఆ తరువాతి కష్టమంతా వచ్చిందని అనను. చెడిన తలుపు అప్పటికే చెడింది. కాని ఆడపిల్ల రోగం పెళ్ళి దగ్గర దాగుడుమూతలాడుతుందన్న మాట నిజం. కొడుకుకు ఉబ్బసముంటే చెప్పి పెళ్ళి చేస్తాం. కూతురి గుండె చప్పుడు గురించి మాత్రం పెళ్ళిచూపుల్లో ఎవరూ నోరెత్తరు.

2017 వేసవిలో ఆమెకు సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడడం మొదలయింది. వంద దాటని జ్వరం. రాత్రి చెమటలు పోసి తెల్లవారేసరికి తగ్గేది. ఆమెకప్పుడు యాభై నాలుగు. చెమటలంటే ఆ వయసులో ఆడవారికి మామూలే అన్నారు. నీరసమంటే ఎండలన్నారు. నిర్మల్‌లో ఉన్న పెద్దకోడలికి పురుడు పోసి వచ్చింది గనుక అలసట అన్నారు. ప్రతి కారణమూ నమ్మదగినదే. చిక్కంతా అక్కడే ఉంది. ఊళ్ళో వైద్యుడు రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు, అయిదు రోజులు మందు ఇచ్చాడు. జ్వరం తగ్గింది. వారానికి మళ్ళీ వచ్చింది. మరొకరు మరొక మందు ఇచ్చారు. అలా ఆరు వారాల్లో మూడు రకాల యాంటీబయాటిక్ మందులు తలా నాలుగేసి రోజులు పడ్డాయి. ఆ మందులు మొలకను చంపలేవు. కాని రక్తంలో తిరిగే సూక్ష్మజీవులను కొద్దిరోజులు అణచి, తరువాత పెద్ద ఆసుపత్రిలో రక్తం తీసి పెంచినా ఏమీ మొలకెత్తకుండా చేశాయి. శత్రువెవరో తెలియకుండా యుద్ధం చేయవలసి వచ్చింది.

ఇంకొక గుర్తు కనిపించింది, చూసినవారు లేరు. కూర తరిగేటప్పుడు వేలి కొసలు సలుపుతున్నాయని రెండుమూడు సార్లు అన్నదట. కందిగింజంత ఎర్రని బొడిపెలు, ముట్టుకుంటే నొప్పి, రెండు మూడు రోజుల్లో మాయం. మునగాకు దూసినందువల్ల అని ఆమె అనుకున్నది. ఈ బొడిపెలకు ఆస్లర్ పేరు పెట్టారు. విలియం ఆస్లర్ అనే ఆ వైద్యుడు 1885లోనే లండన్‌లో ఈ జబ్బు మీద పేరుపొందిన ఉపన్యాసాలిచ్చాడు. ఈనాడు ఆ బొడిపెలు కనిపించేది కొద్దిమందిలోనే. తరువాత ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు "చేతులు చూపించమ్మా" అని ఆమె పది వేళ్ళూ నెమ్మదిగా నొక్కి చూశాడు. అప్పటికి బొడిపెలు లేవు. ఆ నలభై రోజుల్లో ఆమె చేతులు పట్టుకు చూసిన మొదటి మనిషి అతనే.

ఏడో వారంలో ఒకనాటి ఉదయం కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. మా బావమరిది ఏమయిందని అడిగితే జవాబు చెప్పబోయింది, మాట రాలేదు. మాట పడిపోవడమంటే పెదవి కదలకపోవడం అనుకునేవాణ్ణి. అలా కాదు. చెప్పవలసిన వస్తువు ఎదుట కనిపిస్తున్నా దాని పేరు అందదు. గ్లాసును చూపించి "అది... నీళ్ళు... అది" అనేది. మొలకలోని తునక మెదడు ఎడమభాగానికి పోయింది. విజయవాడ ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం దించి తీసిన చిత్రంలో ద్విపత్ర కవాటం మీద 12 మిల్లీమీటర్ల మొలక కనబడింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. 2012లో దక్షిణ కొరియాలో 76 మంది రోగుల మీద ఒక పరీక్ష ప్రకటించారు. కవాటం బాగా చెడి, 10 మిల్లీమీటర్లు మించిన మొలక ఉన్నవారికి 48 గంటల్లో శస్త్రచికిత్స చేస్తే, ఆగి చూసినవారితో పోలిస్తే తునకలు ఊడి పోవడం బాగా తగ్గింది. అంటే కొన్ని సందర్భాల్లో ఆలస్యమే అపాయం. మా చెల్లెలి విషయంలోనూ మెదడులో రక్తస్రావం లేదు గనుక త్వరగా చేయడమే మంచిదని శస్త్రవైద్యుడు చెప్పాడు. డబ్బు అడ్డు కాలేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన నాటి నుంచి తెల్లకార్డువారికి ఇటువంటి శస్త్రచికిత్సలకు దారి ఏర్పడింది. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ అనే పేరుతో నడుస్తున్నది. అడ్డు వచ్చింది వేరు. ఛాతీ కోస్తారంటే ఈ వయసులో తట్టుకుంటుందా, మందులతో చూద్దాం అని ఒకరు. ఆడమనిషి, ఇంట్లో పని చేయలేకపోతే తరువాత ఎట్లా అని ఒకరు. ఆషాఢం వెళ్ళనిమ్మని ఒకరు. ఎవరూ చెడ్డవారు కారు. ఆమె చుట్టూ కూర్చుని పదిహేనుమంది మాట్లాడారు, మాట పోయినది ఆమెకు గనుక ఆమెను అడగలేదు. పందొమ్మిది రోజులు అలా గడిచాయి. చివరకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముంచుకువచ్చాక, అత్యవసరంగా, ఎక్కువ అపాయంతో, చేశారు.

ఇది మా ఇంటి దురదృష్టమే అనుకున్నాను. తరువాత లెక్కలు చూస్తే మా ఇల్లు ప్రపంచంలో ఒక ఇల్లేనని తేలింది. నేను పైన చెప్పిన 3,116 మందిలో శస్త్రచికిత్స జరిగినది పురుషులలో నూటికి 46 మందికి, స్త్రీలలో 38 మందికి. ముప్ఫై రోజుల్లో మరణించినవారి పాలు స్త్రీలలోనే ఎక్కువ. ఎక్కువగా ఆషాఢం లేని దేశాల లెక్క ఇది.

అన్యాయమని వెంటనే అనబోయి ఆగాను. స్త్రీలకు ఈ జబ్బు సగటున పెద్ద వయసులో వస్తుంది. మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటివి తోడుంటాయి. ద్విపత్ర కవాటం చుట్టూ సున్నం పేరుకుని కోత కష్టమవుతుంది. శస్త్రవైద్యుడు వెనుకాడడానికి ఇవన్నీ సరైన కారణాలే. వయసునూ తోడు రోగాలనూ లెక్కలోంచి తీసివేస్తే మరణాల తేడా చాలావరకు కరిగిపోతుందని కొన్ని పరిశీలనలు, కొంత మిగులుతుందని మరికొన్ని అంటున్నాయి. శస్త్రచికిత్స అవసరం ఇద్దరికీ సమానంగా ఉన్నచోట కూడా స్త్రీకి అది తక్కువగా అందుతున్నదన్న మాట మాత్రం పదేపదే వస్తున్నది. ఈ జబ్బుకు సూదిమందు మధ్యలో ఆపి మాత్రలకు మారవచ్చని 2018లో డెన్మార్కువారు 400 మందితో చేసిన మంచి పరీక్ష ఒకటుంది. అందులోనూ స్త్రీలు సుమారు నాలుగోవంతే. వైద్యులు ఈ జబ్బు గురించి నేర్చుకున్నది ఎక్కువగా మగవారి దేహాల మీదనే.

మా వ్యాకరణంలో ఒక చమత్కారముంది. తెలుగులో ఆమె వచ్చింది, బండి వచ్చింది, జ్వరం వచ్చింది: ఏకవచనంలో స్త్రీకీ జడానికీ క్రియారూపం ఒక్కటే. బహువచనంలోకి వచ్చేసరికి వారు వచ్చారు అని పురుషులతో సమానమైపోతుంది. మహతీవాచకాల గురించి చెప్పిన ప్రతి ఏడూ ఎవరో ఒక ఆడపిల్ల లేచి ఇదేమి న్యాయమండీ అని అడిగేది. వైద్యుల లెక్కల్లోనూ రోగులు అనే బహువచనంలో అందరూ ఒక్కటే. విడదీసి చూసినప్పుడే ఒకామె కనిపిస్తుంది.

తొందరగా ఆసుపత్రికి పోతే చాలు, అంతా సుఖాంతమే అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. మా బడిలో లెక్కల మాస్టారొకరు ఉండేవారు. మనిషి ఉక్కుముక్క, రోజూ అయిదు మైళ్ళు నడక. 2011లో ఆయనకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకే ఆయన భార్య పట్టుబట్టి హైదరాబాదు తీసుకుపోయింది. "జ్వరం వస్తే ఆయన ఇంత మౌనంగా ఉండరు అన్నయ్యగారూ, ఇది మామూలు జ్వరం కాదు" అన్నది నాతో, బస్సు ఎక్కుతూ. మందు పడకముందే మూడుసార్లు రక్తం తీశారు, స్టెఫిలోకాకస్ అని తెలిసింది. పుట్టుకతో రెండు రెక్కల తలుపు. వారం తిరగకుండా శస్త్రచికిత్స. చేయవలసినవన్నీ చేయవలసిన వేళకే చేశారు. అయినా నాలుగో వారంలో ఆయన పోయారు. ఆలస్యంగా, అస్తవ్యస్తంగా వైద్యం జరిగిన మా చెల్లెలు బ్రతికింది. ఒక్కొక్క మనిషి విషయంలో ఈ జబ్బు న్యాయం చూడదు.

అయినా ఆ నాలుగు రోజులకూ ఈ నలభై రోజులకూ మధ్య తేడా నన్ను వదలదు. మాస్టారి జ్వరాన్ని కనిపెట్టింది ఆయన భార్య. ఆయన మౌనం ఆమెకు రోగలక్షణంగా వినిపించింది. మా చెల్లెలు ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా మిరియాల కషాయం కాచేది. అత్తగారికి రక్తపోటు మాత్ర, మామగారికి కంటిచుక్కలు, మనవడికి టీకాల తేదీలు, అన్నీ ఆమె నోటనే ఉండేవి. ఆమె ఒంటి వేడిని చూడవలసిన చేయి ఆ ఇంట్లో ఎవరిది? మా బావమరిది మంచివాడు, భార్య మీద ప్రాణం పెట్టుకున్నవాడు. అయితే జ్వరం చూడడమనే పని తనదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మన తెలుగిళ్ళలో అది ఆడవారి విద్య. అమ్మ కూతురికి, అత్త కోడలికి నేర్పుతుంది. కొడుకులకు నేర్పరు.

అందుచేత చదువరులలో ముఖ్యంగా మగవారికి కొన్ని మాటలు. చిన్నప్పుడు కీళ్ళవాపు జ్వరం వచ్చినవారో, గుండెలో చప్పుడు తేడా ఉందని ఎప్పుడైనా చెప్పించుకున్నవారో, కవాటం మార్పించుకున్నవారో మీ ఇంట్లో ఉంటే గుర్తుపెట్టుకోండి. అటువంటి మనిషికి కారణం తెలియని జ్వరం వారం దాటితే, ఎంత చిన్న జ్వరమైనా సరే, మందు వేయడానికి ముందే రక్తం తీయించి కల్చరు పెట్టించమని అడగండి. ఒకసారి కాదు, వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు తీస్తారు. ముందు మందు మ్రింగితే ఆ పరీక్ష విలువ పోతుంది. "ఈమెకు గుండె తలుపు జబ్బు ఉంది" అన్న ఒక్క వాక్యం వైద్యుడికి చెప్పడం మరచిపోవద్దు. రోగి తానుగా చెప్పకపోవచ్చు. పళ్ళు శుభ్రంగా ఉంచుకోవడం ఈ జబ్బుకు అన్నిటికంటే చవకైన కాపలా. కృత్రిమ కవాటం ఉన్నవారు పన్ను పీకించుకునే ముందు గంటలోపు యాంటీబయాటిక్ వేసుకోవాలి, దానికి పళ్ళ డాక్టరుకు ముందే చెప్పాలి.

మా చెల్లెలికి ఇప్పుడు లోహపు కవాటం ఉంది. రాత్రి నిశ్శబ్దంలో పక్కన కూర్చుంటే గడియారంలా టిక్కుటిక్కుమంటూ వినిపిస్తుంది. మనవడు చెవి ఆనించి లెక్కపెడతాడు. మాటలు ముప్పాతిక వరకు తిరిగివచ్చాయి. మొదటి ఏడాది నేను పెద్దబాలశిక్ష పట్టుకుపోయి కూర్చునేవాణ్ణి. వింత ఏమిటంటే నామవాచకాలు పోయాయి గాని సామెతలు పోలేదు. గరిటె అనలేని మనిషి ఒక్కోసారి పూర్తి సామెత గడగడా చెప్పి, తానే ఆశ్చర్యపోయేది. ఇప్పటికీ తొందరలో కొన్ని పేర్లు అందవు. అప్పుడు చేత్తో చూపిస్తుంది, ఇంట్లోవాళ్ళు అందిస్తారు.

రక్తం గడ్డకట్టకుండా రోజూ అసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. మోతాదు సరిపోయిందో లేదో తెలియడానికి నెలకొకసారి ఐ.ఎన్.ఆర్. పరీక్ష, ఆమెకు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలన్నారు. క్యాలెండరులో ఆ తేదీల చుట్టూ గీతలు గీసి, స్కూటరు మీద తీసుకుపోయేది ఇప్పుడు మా బావమరిదే. ఒంటి మీద చేయి వేసి చూడడం కూడా నేర్చుకున్నాడు, అరచేతితో కాదు, వెనకచేతితో. ఆకుకూరలు తింటే మందు బలం తగ్గుతుంది గనుక ఒక వారం ఎంత తింటే మరో వారమూ అంతే తినమన్నారు. తోటకూర, పాలకూర విషయంలో ఒప్పుకుంది. గోంగూర దగ్గర మాత్రం ఆలుమగల మధ్య బేరాలు ఇంకా సాగుతూనే ఉన్నాయి.